పదకొండో గదిలో ఈత

మా మావయ్య దేన్నీ మూయడు.

ఇది కోపంతో అంటున్న మాట కాదు. మా కుటుంబమంతా కలిసి ముప్ఫై ఏళ్ళు పరిశీలించి తేల్చిన విషయం. పేస్టు మూత, చక్కెర డబ్బా, బీరువా తలుపు, కిటికీ, కుళాయి, ఆఖరికి మాట్లాడుతున్న వాక్యం కూడా. "నిన్న బజారులో ఒకాయన కనిపించి..." అని మొదలుపెట్టి, ఆ ఒకాయన్ని బజారులోనే నిలబెట్టి తను స్నానానికి వెళ్ళిపోతాడు. ఆయన వెనకాలే తిరుగుతూ మూతలు పెట్టడం అత్తయ్యకు రెండో ఉద్యోగం. మొదటిది బడిలో లెక్కలు చెప్పడం.

ఇంతకీ మావయ్య చేసే పని ఏమిటనుకున్నారు? తాళాలు. తాళాలు బిగిస్తాడు, బాగుచేస్తాడు, తాళంచెవి పోగొట్టుకుని వీధిలో నిలబడ్డవాళ్ళకు తలుపు తీసిపెడతాడు. ఊళ్ళో సగం ఇళ్ళు ఆయన వేసిన తాళాలను నమ్ముకుని గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతాయి. ఆయన కొట్టు మాత్రం మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చినప్పుడు బార్లా తెరిచే ఉంటుంది, లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. సైకిలుకు తాళం వేయడు. అది రెండుసార్లు పోయింది, రెండుసార్లూ తిరిగొచ్చింది. రెండోసారి దొంగ చక్రాలకు గాలి కూడా కొట్టించి తెచ్చాడు.

"తాళాలాయన సైకిలుకే తాళం లేదంటే నలుగురూ నవ్వరూ? కనీసం దానికైనా వేయండి," అంటుంది అత్తయ్య.

"వేస్తే మళ్ళీ తాళంచెవి ఎక్కడ దాచుకోను?" అంటాడు మావయ్య.

నేను ఆయనకు సరిగ్గా వ్యతిరేకం. బ్యాంకులో కార్డుల మీద వచ్చే ఫిర్యాదులు చూస్తాను. తెరిచిన ఫైలు పదిహేను రోజుల్లో మూసెయ్యాలి. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. భోజనమయ్యాక కుర్చీని బల్ల కిందకు తోసిగానీ కదలను. అందుకని మావయ్య నాకు మూతమ్మ అని పేరు పెట్టాడు.

ఒకరోజు అత్తయ్య ఆఫీసుకు ఫోన్ చేసింది. "మీ మావయ్య కార్డు మీద ఎవరో డబ్బు లాగుతున్నారే. నాలుగు మెసేజీలొచ్చాయి. అన్నీ ఆ సినిమాల యాప్ నుంచే."

ఆ సాయంత్రమే వెళ్ళాను. మావయ్య ఫోను తీశాను. దానికి ఏ నంబరూ, ఏ వేలిముద్రా అక్కర్లేదని వేరే చెప్పనవసరం లేదు. ఆ ఖాతా ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూస్తే మూడు కనిపించాయి. ఒకటి ఇంట్లో టీవీ, రెండోది ఈ ఫోను. మూడోదాని పేరు 'గది 11'.

కిందటి నెల మావయ్య నది ఒడ్డున ఉన్న ఒక లాడ్జిలో ఇరవై ఆరు గదులకు తాళాలు మార్చడానికి వెళ్ళి, నాలుగు రోజులు ఆ పదకొండో గదిలోనే ఉన్నాడు. పొద్దుపోక అక్కడి టీవీలో తన ఖాతా పెట్టుకున్నాడు.

"వచ్చేటప్పుడు లాగౌట్ చేశావా మావయ్యా?"

"అంటే?"

"మూశావా అని."

మావయ్య నా వంక జాలిగా చూశాడు. ఆయన్ని పట్టుకుని అడగాల్సిన ప్రశ్న కాదని నాకూ వెంటనే తెలిసింది.

'అన్నిచోట్లా లాగౌట్' అనే గడి మీద వేలు పెట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. "ఆగవే మూతమ్మా. మూయడానికి ఒక్క క్షణం చాలు. ముందు వాళ్ళేం చూశారో చూద్దాం."

చూశాం. సినిమాలు కావు, సీరియళ్ళు కావు. 'ముప్ఫై పాఠాల్లో ఈత'. మొదటి మూడు పాఠాలూ ఉచితం, నాలుగు నుంచి చూసిన ప్రతిసారీ డబ్బు. మాకొచ్చిన నాలుగు మెసేజీలూ నాలుగో పాఠానివే.

"ఈత నేర్చుకుంటున్నాడంటే నదిలో దూకి పారిపోదామని," అంది అత్తయ్య. "పారిపోయేలోపు కంప్లైంట్ ఇచ్చెయ్."

"ఒకే పాఠం నాలుగుసార్లు ఎందుకు చూసినట్టు?" అన్నాడు మావయ్య. "ఏముందో అందులో." అంటూనే ఓకే నొక్కేశాడు. ఫోను మోగింది. ఐదో ఛార్జీ మేమే వేసుకున్నాం.

నాలుగో పాఠంలో నీలం టోపీ పెట్టుకున్న ఒకాయన తల నీళ్ళలో ముంచి, తొమ్మిది లెక్కపెట్టి పైకి తీయడం ఎలాగో చెబుతున్నాడు. ముగ్గురం చివరిదాకా చూశాం.

"ఎవరో పాపం, తల ముంచడానికి జంకుతున్నారు," అంది అత్తయ్య. ఐదు నిమిషాల క్రితం అదే మనిషి మీద కంప్లైంట్ ఇమ్మన్నది కూడా ఆవిడే.

నేను మాత్రం నా పని నేను చేశాను. ఫైలు తెరిచి, కాగితం నింపి, మావయ్య ముందు పెట్టాను. ఒక్క ప్రశ్న దగ్గర ఆయనే స్వయంగా టిక్ పెట్టాలి. 'ఈ ఖాతా వాడుకోమని మీరు ఎవరికైనా అనుమతి ఇచ్చారా?'

"లేదు అన్నచోట టిక్ పెట్టు."

"పెడితే ఏమవుతుంది?"

"డబ్బు వెనక్కొస్తుంది. యాప్ వాళ్ళు గది నంబరుతో సహా లాడ్జికి రాస్తారు. మెసేజీలన్నీ మధ్యాహ్నం పన్నెండుంబావుకు వచ్చాయి. పన్నెండింటికి గదులు ఖాళీ చేస్తారు, రెండింటికి కొత్తవాళ్ళు దిగుతారు. మధ్యలో గదిలో ఉండేది శుభ్రం చేసేవాళ్ళే. ఎవరో కనుక్కుని ఉద్యోగంలోంచి తీసేస్తారు."

"నువ్వు తాళాల పనికి రావాల్సినదానివే," అని మెచ్చుకున్నాడు. టిక్ మాత్రం పెట్టలేదు. "పదిహేను రోజులుంది కదా, తొందరేముంది," అని కాగితాన్ని బల్ల మీద తెరిచి ఉంచి, కుళాయి కట్టకుండా పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగింది ఏ ఫిర్యాదుల పుస్తకంలోనూ లేదు. రెండు రోజులు మెసేజీ రాలేదు. మొగుడూ పెళ్ళాలిద్దరికీ అన్నం సయించలేదు. మూడో రోజు అత్తయ్య బడి నుంచే నాకు ఫోన్ చేసింది. "ఐదో పాఠానికి వెళ్ళారే. తల ముంచేశారు."

"అత్తయ్యా, అది మీ డబ్బు."

"తెలుసులేవే. లెక్కల టీచర్ని, నాకు చెప్పకు. కానీ నాలుగు దాటారు కదా."

అప్పటి నుంచి కార్డు మీద డబ్బు పోయిన ప్రతిసారీ నాకు శుభవార్తలా చెప్పేవాళ్ళు. ఆరు అయింది, ఏడు అయింది, ఎనిమిదిలో కాళ్ళు ఆడించడమట. ఫైలు మూయాల్సిన గడువేమో దగ్గర పడుతోంది. గడువు దాటితే నేను పై అధికారికి సంజాయిషీ రాసుకోవాలి. పదిహేనో రోజు పొద్దున్నే వెళ్ళి కాగితం పట్టుకుని మావయ్య ఎదుట కూర్చున్నాను.

"సరే పద," అన్నాడు. "ఆ మనిషెవరో చూసి, అక్కడే టిక్ పెడతాను."

రెండు గంటలు బస్సులో వెళ్ళాం. లాడ్జి మేనేజరు మావయ్యను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. "ఏం సార్, తాళాలకేమైనా వచ్చిందా?"

నేను నోరు తెరిచేలోపు మావయ్య, "నెల తిరిగింది కదా, ఒకసారి చూసి పోదామని," అన్నాడు. మెట్ల పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక బోర్డు ఉంది. 'గదుల్లో టీవీ పెట్టిన సిబ్బంది మర్నాటి నుంచి రానవసరం లేదు.' అది చదివాక నా సంచిలో ఉన్న కాగితం కాస్త బరువనిపించింది.

పదకొండో గది తలుపు ఓరగా వేసి ఉంది. మావయ్య తట్టాడు. మెల్లగా తోశాడు.

దుప్పటి తీసేసిన మంచం మీద, యాభై దాటిన ఒకావిడ బోర్లా పడుకుని ఉంది. యూనిఫాం మీద ఏప్రన్, కాళ్ళకు మేజోళ్ళు. చేతులూ కాళ్ళూ ఆడిస్తోంది. టీవీలో నీలం టోపీ ఆయన లెక్కపెడుతున్నాడు. ఆవిడ తల దిండులో ముంచి ఉంది కనక మేము రావడం వినపడలేదు. తొమ్మిది పూర్తయ్యాకే తల పైకి తీసి, గట్టిగా ఊపిరి పీల్చి, మమ్మల్ని చూసి మంచం మీంచి ఒక్క ఉదుటున దిగింది.

"భయపడకు అక్కా, మేమే," అన్నాడు మావయ్య.

ఆవిడ నా సంచినీ, కాగితాలనీ చూసింది. ముఖం పాలిపోయింది. "మేనేజరు గారికి చెప్పకండమ్మా. నా భోజనం టైములోనే చూస్తాను. పని ఎప్పుడూ ఆపలేదు."

"ఈత ఎందుకండీ మీకు?" అన్నాను. ఆఫీసు గొంతుతో అడగాలనుకున్నాను కానీ కుతూహలమే బయటపడింది.

"మా ఇల్లు అవతలి ఒడ్డునమ్మా. రోజూ పడవ మీద రావాలి. నీళ్ళంటే నాకు ప్రాణభయం. ఎక్కినప్పుడు కళ్ళు మూసుకుంటాను, ఈ ఒడ్డున దిగాక తెరుస్తాను. ఇరవై రెండేళ్ళు. ఈత వస్తే ఒక్కరోజైనా కళ్ళు తెరిచి ఆ నది చూడొచ్చని."

ప్రతి పాఠానికీ డబ్బు పోతోందని చెబితే ఆవిడ మంచం అంచు మీద కూలబడిపోయింది. "డబ్బని నాకు తెలియదమ్మా. 'కొనసాగించాలా?' అని అడుగుతుంది. అంత మర్యాదగా అడిగితే కాదని ఎలా అంటాం?"

"అసలు వేరేవాళ్ళ ఖాతాలో ఎందుకు చూశారు?"

ఆవిడ అయోమయంగా మావయ్య వంక చూసింది. "సారే కదమ్మా చూసుకోమన్నది. వెళ్ళే రోజు సార్ టీవీలో ఆ ఈత పాఠం వస్తుంటే నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. 'ఇది నేను మూయను అక్కా, తీరిక దొరికినప్పుడు చూసుకో' అన్నారు."

నేను వెనక్కి తిరిగాను. మావయ్య ఒంగి తలుపు తాళాన్ని పరీక్షిస్తున్నాడు.

"మావయ్యా."

"ఈ స్క్రూ కొంచెం వదులైనట్టుంది."

"మావయ్యా, మొదటి రోజే చెప్పొచ్చు కదా."

"చెబితే నువ్వు ఆ నిమిషమే ఫైలు మూసేస్తావు. మీ అత్తయ్య నా నోరు మూయిస్తుంది. అదీగాక..." ఎప్పటిలాగే వాక్యం అక్కడే వదిలేశాడు. ఈసారి మిగతాది నాకే అర్థమైంది. ఆవిడ నాలుగో పాఠం దాటుతుందో లేదో చూడాలనుకున్నాడు. చూసుకోమన్నప్పుడు డబ్బు పోతుందని మాత్రం ఆయనకూ తెలియదు.

మెట్ల మీద బూట్ల చప్పుడయింది. టీవీ ఆపేలోపే మేనేజరు గుమ్మంలోకి వచ్చేశాడు. టీవీలో నీలం టోపీ ఆయన్ని చూశాడు, నలిగిన దిండును చూశాడు, ఆవిడ వైపు తిరిగాడు. "టీవీ ఎవరు పెట్టారు?"

ఆవిడ దుమ్ముగుడ్డ అందుకుని మంచం కోడు తుడవడం మొదలుపెట్టింది.

"నాదే," అన్నాడు మావయ్య. "నా ఖాతా ఇందులో ఉండిపోయింది. తీసేసి వెళ్దామని వచ్చాను."

మేనేజరుకు నమ్మకం కుదరలేదు. నా వంక చూశాడు. పన్నెండేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి, ఎవరూ అడగకుండానే నేను ఒక ఫిర్యాదును చంపేశాను. "నేను బ్యాంకు నుంచండి. ఈ ఖాతా మీద ఒక అనుమానం వచ్చింది. విచారించాం. సార్ అనుమతితోనే జరిగింది, ఎవరి తప్పూ లేదు." కాగితం మావయ్యకిచ్చాను. ఆయన 'అవును' అన్నచోట టిక్ పెట్టాడు. తర్వాత రిమోటు తీసుకుని, మా అందరి ఎదుటా, ఆ టీవీలో లాగౌట్ చేశాడు. మావయ్య తన చేత్తో ఒకదాన్ని మూయడం నేను కళ్ళారా చూశాను. ఇప్పటికీ అత్తయ్య నమ్మదు.

"కింద బట్టలుతికే గదిలో మీ సిబ్బంది భోజనం చేస్తారు కదా," అన్నాడు మేనేజరుతో. "అక్కడున్న పాత టీవీలో ఏమైనా చూసుకోవచ్చా?"

"అది గది కిందకు రాదు సార్. తినేటప్పుడు ఏం చూసుకుంటే నాకేం?"

మావయ్య తిన్నగా కిందకు వెళ్ళి ఆ టీవీలో తన ఖాతా తెరిచాడు. ముప్ఫై పాఠాలూ ఒకేసారి కొనేసి, ఇక మీద ఎవరు ఏది కొనాలన్నా నాలుగంకెల నంబరు అడిగేలా తాళం వేశాడు. "తాళం వేయాల్సింది వీధి తలుపుకు కాదే మూతమ్మా, లోపలి బీరువాకు," అన్నాడు. ఆ నంబరేమిటని అడిగాను. "ఏదో పెట్టాను," అన్నాడు. ఇంతవరకు గుర్తురాలేదు.

ఇంటికొచ్చి అత్తయ్యకు అంతా చెప్పాను. ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు.

"కొట్టు మధ్యాహ్నం ఎందుకు తెరిచి ఉంటుందనుకున్నావు? వీధి ఊడ్చేవాళ్ళు ఆ గంటసేపు ఫ్యాను కింద కూర్చుంటారు. సైకిలు రెండుసార్లూ తీసుకెళ్ళింది పేపరు వేసే ఆవిడ. ఆవిడ బండి పాడైనప్పుడల్లా అదే దిక్కు."

"నీకు తెలిసి కూడా ఇన్నేళ్ళూ తిట్టావా?"

"ఆయనగా మరిచిపోయి తెరిచి పెట్టేవి రెండే. పేస్టు, చక్కెర డబ్బా. ఆ రెంటి కోసం తిట్టాను. మిగతావి ఆ తిట్ల చాటున నడిచిపోయాయి."

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం లాడ్జి ఆవిడ మమ్మల్ని ఈత కొలనుకు పిలిచింది. బట్టలుతికే గది నుంచి మరో ఇద్దరు కూడా వచ్చారు, ఉతకాల్సిన దుప్పట్ల గుట్ట మీద వాళ్ళూ నేర్చేసుకున్నారట. ఆవిడ నీళ్ళలోకి దిగింది, తల ముంచింది, చక్కగా ఆరడుగులు ఈది లేచి నిలబడింది. మళ్ళీ ఆరడుగులు, మళ్ళీ నిలబడింది.

"ఆపుతావేం అక్కా?" అన్నాడు మావయ్య గట్టు మీంచి.

"మంచం అంతే కదా సార్."

మర్నాడు పొద్దున మేము టీ తాగుతుండగా ఫోన్ చేసింది. మావయ్య స్పీకరు పెట్టాడు. వెనక పడవ ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

"సార్, ఇవాళ కళ్ళు మూసుకోలేదు."

"ఎలా ఉంది నది?"

"ఇంతేనా సార్. ఇన్నాళ్ళూ సముద్రం అనుకున్నాను."

మావయ్య పెద్దగా నవ్వి, ఫోను బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళిపోయాడు. కట్ చేయలేదు. అవతల ఆవిడకూ ఆ ధ్యాస లేదు. నీళ్ళ చప్పుడు వస్తూనే ఉంది, పక్కనున్న వాళ్ళెవరికో అక్కడి కొంగలను చూపిస్తున్నట్టుంది. నేను అలవాటు కొద్దీ చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. పడవ ఒడ్డు చేరేదాకా నేనూ అత్తయ్యా అలాగే వింటూ కూర్చున్నాం.

తర్వాత అత్తయ్య లేచి చక్కెర డబ్బాలో చీమలు దులిపి మూత గట్టిగా బిగించింది. "ఇదొక్కటి మాత్రం క్షమించను," అంది.