కరెంటు రాకముందే తెలిసే పిల్ల

కథల పుస్తకాల్లో పిల్లలకు శక్తులు వస్తే ఆకాశంలో ఎగురుతారు, రాక్షసులను చంపుతారు. మా సిరిసిల్ల పిల్లలకు వస్తే ఏమవుతుందో నన్ను అడగండి. సృజనకు కరెంటు పోయేదీ వచ్చేదీ ముందే తెలిసేది. నా చేతికి పోయిన సూదులు దొరికేవి. అంతే. ఇచ్చే దేవుడు కూడా మా వీధి మొహం చూసే ఇచ్చాడు.

సృజన కైలాసం కాక ఒక్కగానొక్క బిడ్డ. కాక మరమగ్గాలు నడుపుతాడు. వాటిని మా దగ్గర సాంచలు అంటారు. ఆయన పనిచేసే రేకుల షెడ్డుకు ఎదురుగానే మా అబ్బా ముష్తాక్ టైలర్ దుకాణం. సాంచలు నడుస్తుంటే పక్కన నిలబడి అరిచినా మాట వినపడదు. అందుకే లోపలివాళ్లు పెదవులు చూసి, చేతులు ఊపి మాట్లాడుకుంటారు. వెనక నుంచి పిలవాలంటే భుజం తడతారు. ఇరవై ఏళ్లు ఆ మోతలో ఉన్న కాకకు ఇంట్లో కూడా అదే పద్ధతి. ఆయన భార్య కనకవ్వ చిన్నమ్మ బీడీలు చుట్టుకుంటూ ఎంత పిలిచినా పలకడు. ఆమె చేట పక్కన పెట్టి, లేచి ఎదురుగా వచ్చి నిలబడాల్సిందే.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చిన బిడ్డను ఆయన షెడ్డు గడప దాటనిచ్చేవాడు కాదు.

"గీ మోత నా చెవులను తిన్నది, సాలు. నీ చెవుల పడొద్దు బిడ్డా. డబ్బా ఆడ పెట్టి ఇంటికి పో" అనేవాడు. ఆయనకు ఉన్న ఆశ అదొక్కటే. బిడ్డ చదువుకోవాలి, సాంచల ముఖం చూడొద్దు.

మేం పదో తరగతిలో ఉండగా ఒకరోజు లెక్కల సార్ పాఠం చెబుతుంటే సృజన నన్ను గిల్లి, "ఫ్యాన్ ఆగుతది సూడు" అంది. ఆగింది.

"ఎట్ల తెలిసిందే నీకు?"

"చెవుల తేనెటీగ తిరిగినట్టయితది. పోయే ముందు సన్నగ, వచ్చే ముందు జర గట్టిగ."

నేను నవ్వాను. తర్వాత ఎన్నిసార్లు పరీక్ష పెట్టినా ఆమె ఒక్కసారీ తప్పలేదు. మా అబ్బా పారేసుకున్న సూది మీదికి నా చెయ్యి చూడకుండానే పోతుందని, అదీ శక్తేనని ఆమే తేల్చింది. ఇద్దరం మబ్బుల మీద తిరిగాం. ఇంతా చేసి మేం ఉద్ధరించింది ఏమిటంటే, కరెంటు పోకముందే మా అబ్బాతో ఇస్త్రీ చేయించడం.

షెడ్డులో మాత్రం ఆ శక్తి గట్టిగానే పనికొచ్చింది. కరెంటు పోగానే సాంచలన్నీ ఆగుతాయి. అప్పుడు స్విచ్‌లు తీసేసి లోపల చెయ్యి పెట్టాలి. ఎవరూ తీయరు. మళ్లీ ఒక్కోదాన్నీ నడిపించుకోవాలంటే పని వెనకబడుతుందని, వాటిని అట్లాగే వదిలి లోపల పేరుకున్న దూది దులుపుతారు. కరెంటు ఎప్పుడొస్తుందోనని భయపడుతూనే దులుపుతారు. సెలవు రోజుల్లో సృజన గడప అవతల, వాళ్ల నాయనకు కనపడేలా నిలబడేది. చెవిలో తేనెటీగ తిరగగానే చెయ్యెత్తేది. కాక చెయ్యి తీసేవాడు. అలా ఆయనకు ధీమా పెరిగింది. భయం పోయింది. ఆ భయమే ఉండి ఉంటే బాగుండు.

ఇంటర్ మొదటి ఏడాది, ఎండాకాలం. గాలికి కరెంటు పోయింది. మిగతావాళ్లు చాయ్ తాగడానికి పోయారు. కాక ఒక్కడే వాకిలికి వీపు పెట్టి, సాంచలోకి వంగి ఉన్నాడు. గడపలో బిడ్డ ఉందనే ధీమాతో అటు తిరిగి చూసుకోవడమే మరిచాడో, వచ్చే వేళయిందని అనుకున్నాడో. సృజన డబ్బా పట్టుకుని వీధి మలుపు తిరిగింది. అప్పుడే ఆమెకు చెవిలో మోగింది. డబ్బా పారేసి పరుగెత్తింది.

"బాపూ! చెయ్యి తియ్! బాపూ!"

సాంచలన్నీ ఆగి షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. ఆ కేక మా దుకాణంలో నాకు వినపడింది, వీధి చివర చాయ్ తాగేవాళ్లకు వినపడింది. ఆయనకు వినపడలేదు. భుజం తట్టడానికి ఆమె ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగానే కరెంటు వచ్చింది.

కరీంనగర్ ఆసుపత్రిలో కుడిచేతి మూడు వేళ్లు తీసేశారు. కట్టు కట్టిన చెయ్యి చూసుకుంటూ కాక, "ఒర్లినవట గదా బిడ్డా. నాకు ఇనరాలే" అన్నాడు. ఒక్క మాట తిట్టినా బాగుండేది. ఆ మాట విన్నప్పుడు మా శక్తుల మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

కాలేజీలు తెరిచే నాటికి సృజన షెడ్డుకు పనికి వచ్చింది. కాక గడపకు అడ్డంగా నిలబడ్డాడు. ఆమె ఆయన ఎదురుగా వచ్చి, పెదవులు కనపడేలా మెల్లగా అడిగింది.

"రేపు ఏం తిందాం బాపు?"

ఆయన పక్కకు జరిగాడు.

అప్పటి నుంచి ఆమె సాంచలు నడుపుతోంది. కాక గడప దగ్గర కూర్చుని, మిగిలిన వేళ్లతో చేతనైన పని చేస్తాడు. కొన్నేళ్లకు ఒక పండుగ పూట, తేనెటీగ ఎట్లుందని సరదాకే అడిగాను.

"ఇంటికి పోయినా చెవుల మోతనే ఉంటాంది. ఏది తేనెటీగనో, ఏది సాంచనో తెలుస్తలేదు" అంది. పోయిన సూదైతే నా చెయ్యి వెతికి పట్టుకునేది.

మొన్న మళ్లీ గాలికి కరెంటు పోయింది. సృజనకు కుట్టిన రవిక ఇద్దామని షెడ్డు దగ్గరికి వెళ్లాను. ఆమె వాకిలికి వీపు పెట్టి, సాంచలోకి వంగి దూది దులుపుతోంది. స్విచ్ తీయలేదు.

"సృజనా!" అన్నాను. తిరగలేదు. "సృజనా, చెయ్యి తియ్యే!" అని అరిచాను. కదలలేదు.

గడప దగ్గరున్న కాకకు నా అరుపు వినపడలేదు. కానీ నా పెదవులు చూశాడు, అటు తిరిగి బిడ్డ వీపు చూశాడు. ఆయనకు అర్థమైంది. ఆ ముఖం నేను మళ్లీ చూడలేను. లేచి వెళ్లి ముందు స్విచ్ తీశాడు. తర్వాత మిగిలిన రెండు వేళ్లతో ఆమె భుజం తట్టాడు.

"ఏంది బాపు?"

"సాదియా పిలుస్తాంది బిడ్డా" అన్నాడు కాక.

సృజన నా వైపు తిరిగింది. నవ్వుతూ, నేనేమంటానోనని నా పెదవుల వైపు చూసింది.