అధ్యక్షులవారికి నూతినీళ్ళు

రాజోలు దిగువన, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరికి నేను కోడలిగా వచ్చేసరికి అక్కడ రొయ్యల మోజు జోరుగా ఉంది. తొంభైల నడిమి మాట. వరిచేలు తవ్వి చెరువులు చేశారు, ఉప్పుటేటి నుంచి ఇంజన్లతో నీళ్ళు తోడి నింపారు. ఏడాది తిరక్కుండా మా నుయ్యి ఉప్పెక్కింది. పప్పు ఉడకదు, టీ విరిగిపోతుంది. తాగే నీళ్ళకి నేనూ అత్తగారూ కాలువ దాకా వెళ్ళి బిందెలు మోసుకొచ్చేవాళ్ళం. నాకైతే ఒళ్ళు మండిపోయేది.

మా మండలాధ్యక్షులవారు చెడ్డ మనిషి కాదు. ఎగువ ఊళ్ళో వార్డు మెంబరుగా మొదలై, సర్పంచై, మండలం దాకా ఎదిగారు. పెళ్ళికి పిలిస్తే వస్తారు, చావుకి పిలవకుండానే వస్తారు. మా వీధికొస్తే మా అరుగు మీదే మకాం. ఆయన సరిగ్గా కూర్చోకముందే అత్తగారు కొబ్బరిబొండాం కొట్టించి చేతిలో పెట్టించేవారు. గడప దాకా వచ్చిన మనిషికి బొండాం ఇవ్వకపోతే మా వైపు తలవంపులే.

"నూతినీళ్ళు ఉప్పగా అయిపోయేయండీ," అనేవారు మగవాళ్ళు.

"ఆయ్, చూద్దామండీ," అనేవారాయన, తియ్యటి నీళ్ళు గుటకలేస్తూ.

ప్రతి ఇంట్లోనూ ఇదే మర్యాద. ఇక ఆయన నాలుక్కి ఉప్పు తగిలేదెక్కడ? మా బాధని మేమే కమ్మగా దాచిపెడుతున్నాం.

ఓ ఎండాకాలం ఆయన జీపు దిగుతుండగానే బొండాలు కొట్టే కత్తి తీసి గాదె వెనక దాచేశాను. నూతిలో నీళ్ళు తోడి వెండిగ్లాసులో పోసి పట్టుకెళ్ళాను.

"ఓసి నీ దుంపతెగా, ఇంటి పరువు తీసేసేవే!" అన్నారు అత్తగారు తలుపు చాటు నుంచి.

మొదటి గుక్కకే ఆయన మొహం ముడుచుకుపోయింది. కానీ ఒకరి అరుగు మీద కూర్చుని, వాళ్ళిచ్చింది ఉమ్మెయ్యడం ఆయన ఎరగరు. ఆఖరి చుక్క దాకా తాగారు.

"పిల్లలు కూడా ఇవే తాగుతున్నారామ్మా?"

"కాలువనీళ్ళు అందని రోజున ఇవేనండీ. ఇకమీదట మా వీధికొస్తే తమరికీ ఇవే."

ఆ తరవాత ఏ ఊరెళ్ళినా ఆయన బొండాం పక్కన పెట్టించి నూతినీళ్ళు అడిగేవారట. అధికారుల్ని వెంటబెట్టుకొచ్చి, దగ్గరుండి, ఊరిని ఆనుకున్న చెరువుల్లోకి ఉప్పునీళ్ళు తోడడం ఆపించారు. అందులో ఆయన బావమరిది చెరువూ ఉంది, మా మావగారు లీజుకిచ్చిన చెరువూ ఉంది. మావగారు నాతో చాలాకాలం మాట్లాడలేదు. నేనేం బెంగపడలేదు.

ఎన్నికలొచ్చేసరికి నుయ్యి ఇంకా ఉప్పగానే ఉంది. లీజులూ పోయాయి, మంచినీళ్ళూ రాలేదు అని ఊరంతా ఎగతాళి. మా ఊరూ ఆయన ఊరూ కలిసిన ఎంపీటీసీ స్థానంలోనే ఆయన చిత్తుగా ఓడిపోయారు. నాకు అన్నం సహించలేదు.

ఆ తరవాతి వానాకాలం పోతూ ఉండగా నూతినీళ్ళు మళ్ళీ తియ్యగా అయ్యాయి. అత్తగారు బిందె నింపించి, నన్ను వెంటబెట్టుకుని ఆయనింటికి బయల్దేరారు. ఒకప్పుడు జనంతో కిటకిటలాడిన వాకిట్లో ఆయనొక్కరే పేపరు చదువుకుంటున్నారు.

గ్లాసుడు తాగి, "ఈ వానేదో ఎన్నికల ముందే కురిసుంటే బాగుణ్ణు కదండీ," అని నవ్వారు.

"కురిసినా మా ఇంట్లో మగాళ్ళు మీకు వేసేవారు కాదండీ," అన్నారు అత్తగారు. "మా ఇద్దరి ఓట్లే మీకు పడ్డాయి."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి ఆవిడకి రెండు చేతులా దండం పెట్టారు.