పొట్టేలు ఒళ్ళు విదిలించేదాకా

జాతర నాటి పొద్దున పెరట్లో అండాలు పొయ్యిల మీదికి ఎక్కిస్తూ మనసులో ఒకటే మొక్కుకున్నాను. ఈసారి ఎవరి విస్తరిలోనూ ముక్క తక్కువ పడకూడదు. పడితే మా ఇంట్లో తల పగులుతుంది. ఇది మాటవరసకు అంటున్నది కాదు, ఒకసారి పగిలింది.

మాది పుంగనూరు పక్కన పల్లె. నేను పుట్టింది మదనపల్లెలో, టమోటా మండీ నడిపేవాళ్ళ ఇంట్లో. బుట్ట చూసి బరువు చెప్పడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. అందుకే గంగమ్మ జాతర విందుకు ఎంత వండాలి, పొయ్యి ఎప్పుడు ముట్టించాలి అన్నది పెళ్ళైన ఏడాది నుంచీ నా నెత్తినే పడింది. ఒక్కసారి మాత్రం నేను కాన్పుకు పుట్టింట్లో ఉంటే మా ఆయన అజమాయిషీ చేశాడు. ఆ ఒక్కసారే కొంప మునిగింది.

మా మరిది కుప్పంలో పిల్లను చేసుకుని అక్కడే ఉండిపోయాడు. ఆ ఏడు వాళ్ళ అత్తగారి వైపువాళ్ళంతా జాతరకు వచ్చారు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. వాళ్ళు కడపంక్తిలో కూర్చున్నారు, వడ్డించేవాడు మాత్రం వాళ్ళవాడు కాదు. విస్తళ్ళలో పులుసే పడింది, ముక్క పడలేదు. మరిది లేచి అండాను కాలితో తన్నాడు. కాగే పులుసు మా ఆయన మోకాళ్ళ మీద పడింది. ఈయన చేతిలో ఉన్న గరిటెతోనే తమ్ముడి నుదురు పగలగొట్టాడు. అప్పటినుంచి ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

ఈ ఏడు మా అత్త పట్టుబట్టి ఇద్దరినీ ఒప్పించింది. "మీరిద్దరూ ఒగే పంక్తిలో కూర్సోని తింటేనే నేను ముద్ద ముట్టేది. ల్యాకుంటే గంగమ్మ తోడు, ఈ ఇంట్లో నీళ్ళు గూడా తాగను," అంది. ఆమె అన్నదంటే చేసే మనిషి. నాకు భయం పట్టుకుంది.

వారం ముందునుంచే లెక్క మొదలుపెట్టాను. రెండు పొట్టేళ్ళు. ముక్క చిన్నగా కొట్టించాలి, చిన్న ముక్క తొందరగా ఉడుకుతుంది, నలుగురికి అందుతుంది. కుప్పం చుట్టాలకు అన్నం కూడా కావాలి, మావాళ్ళకు సంగటి లేకపోతే తిన్నట్టే ఉండదు. సంగటి అన్నిటికన్నా చివర గెలకాలి. ముందే గెలికితే అది రాయవుతుంది, ఆలస్యమైతే జనం రాళ్ళు పట్టుకుంటారు. పొద్దెక్కకముందే పొట్టేళ్ళు కోస్తే మధ్యాహ్నానికి విస్తరి వేయొచ్చు. అంతా బాగానే ఉంది. పొట్టేలు కూడా నా లెక్క ప్రకారం నడుచుకోవాలని మాత్రం దానికెవరూ చెప్పలేదు.

మా దగ్గర పొట్టేలును ఊరికే కోయరు. అమ్మవారి ముందు నిలబెట్టి, వేపమండతో పసుపునీళ్ళు చల్లి, అది ఒళ్ళు విదిలించేదాకా కాచుకోవాలి. విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. మొదటిది నీళ్ళు పడగానే విదిలించింది, తల తెగింది. రెండోది రాయి మాదిరి నిలబడిపోయింది. ఇంటి పెద్దకొడుకు గనుక మా ఆయన నీళ్ళు చల్లుతూనే ఉన్నాడు. వీపు మీద పోశాడు, చెవుల్లో పోశాడు. అది కదలలేదు. ఎండ ముదిరింది. ఎసరు మరిగి మరిగి సగమైంది. మరిది బండి, దాని వెనకాలే కుప్పం వ్యాన్లు వచ్చి ఆగాయి. పస్తుతో వచ్చిన జనం దిగి చెట్ల కింద గుంపులుగా నిలబడ్డారు.

"అమ్మ యాల ఒప్పుకుంటాది? నీళ్ళు పోస్తాండేది ఎవరి సేతులో సూడు," అన్నాడు మరిది.

మా ఆయన చెంబు నేలకేసి కొట్టాడు. "పులుసు అండాను తన్నిన కాలు ఈడికి యాల వచ్చిందో అది సెప్పు ముందు!"

మరిది కోసేవాడి చేతిలోంచి కత్తి లాక్కున్నాడు. నేను పొయ్యి దగ్గర్నుంచి అరిచాను. మా ఆయన వెనక్కి తగ్గే రకమా? తమ్ముడు ఎత్తిన కత్తిని వట్టి చేత్తో పట్టుకున్నాడు. మరిది లాగాడు. అరచెయ్యి అడ్డంగా తెగింది. రక్తం చిమ్మి పొట్టేలు మెడ మీద, మూతి మీద పడింది.

పొట్టేలు తల నుంచి తోక దాకా ఒళ్ళంతా విదిలించింది.

"అమ్మ సెలవిచ్చేసింది!" అని జనం కేకలు పెట్టారు. పలక డప్పులు మోగాయి. కోసేవాడు కింద పడిన కత్తి తీసి ఒక్క వేటుకు తల నరికాడు. నా మొగుడి చెయ్యి కారుతుంటే వీళ్ళకు పలకలు! నాకు కళ్ళు కనపడలేదు. పొయ్యిలోంచి మండుతున్న కట్టె లాగి మరిది మీదికి పరిగెత్తాను. మా అత్త, తోడికోడలు చెరొక రెక్క పట్టుకోకపోతే వాడి మొహాన పెట్టేదాన్నే. ఈరోజుకీ ఆ మాట మీదే ఉన్నాను.

చీర కొంగు చింపి చేతికి కట్టాను. మరిది తన బండి తీశాడు. "ఎక్కు," అన్నాడు. ఈయన ఎక్కి తమ్ముడి వెనకాల కూర్చున్నాడు. పుంగనూరు ఆసుపత్రికి పోతారో, దారిలో ఇంకోసారి నరుక్కుంటారో నాకు తెలియలేదు.

అయినా వంట ఆగలేదు. అత్త ముద్ద ముట్టాలి కదా. వెల్లుల్లి, మిరపకాయలు రోట్లో వేసి మరిది తలకాయ అనుకుని దంచాను. ముక్క ఇంకా చిన్నగా కొట్టమన్నాను, పచ్చి బొప్పాయి కోరి పట్టించాను. కూర గంట ముందే ఉడికింది. వాళ్ళ బండి శబ్దం వినపడ్డాకే రాగిపిండి అండాలో పోశాను. ఏడుస్తూనే గెలికాను, ఒక్క ఉండ కట్టలేదు.

పొద్దు వాలుతుండగా అందరూ ఒకే పంక్తిలో కూర్చున్నారు. ఈసారి కుప్పంవాళ్ళకే ముందు వడ్డించాను. ముక్కలు అందరికీ వచ్చాయి, అండాలో ఇంకా మిగిలాయి. అత్త చెయ్యి కడుక్కుని విస్తరి ముందు కొడుకులనే చూస్తూ కూర్చుంది. మా ఆయన కుడిచెయ్యి కుట్లతో, కట్టుతో పిడికెడు మూట. అమ్మవారికి బలిచ్చిన వేటకూర ఎడమచేత్తో తినే ఆచారం మాకు లేదు. ఆయన కదలలేదు. నేనే కలిపి తినిపిద్దామని పళ్ళెం పట్టుకుని రాబోయాను.

ఈలోగా పక్కన కూర్చున్న మరిది అన్న విస్తరిలోకి చెయ్యి పెట్టాడు. సంగటి తుంచి, పులుసులో ముంచి, ముక్క పెట్టి, నోటి దగ్గరకు తీసుకుపోయాడు. మా ఆయన నోరు తెరిచి ముద్దతో పాటు తమ్ముడి వేలు కూడా కొరికాడు. సరసానికి కాదు, పళ్ళు దిగేలా కొరికాడు. మరిది కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మా ఆయన వేలు వదిలి ముద్ద మింగాడు.

"ఇంగోటి పెట్టు," అన్నాడు.

మా అత్త అప్పుడు తన విస్తరిలో సంగటి తుంచుకుంది.