తాత పేరు

ఎనభైల మొదట్లో షికాగో వెళ్లే రైల్లో నా పక్కన ఒక యూదు పెద్దావిడ కూర్చుంది. ఒళ్లో పాత ఓడ ప్రయాణికుల జాబితాలు, జనాభా లెక్కల జిరాక్సులు. వందేళ్ల కిందట ఊళ్లు మారుతూ అమెరికా చేరిన తన వాళ్లను వెతుకుతోందట. ముత్తాత సమాధి మాత్రం ఎక్కడా దొరకలేదట.

"అయినా తెలిసిపోయింది," అంటూ ఒక పేరు మీద వేలు పెట్టింది. "ఈ పసివాడికి ఆయన పేరు పెట్టారు. మాలో బతికున్నవాళ్ల పేరు పిల్లలకి పెట్టరు. ఓడ దిగినప్పుడు ఆయన ఉన్నాడు. ఒహాయోలో వీడు పుట్టేనాటికి లేడు."

నేను ఊరుకోలేకపోయాను. "నాదీ మా తాత పేరేనండీ. ఆయన ఇప్పటికీ రోజూ పొలానికి వెళ్తాడు."

ఆవిడ పకపకా నవ్వింది. "మీ కాగితాలు నా చేతికొస్తే నిక్షేపంలాంటి మనిషిని చంపేసేదాన్ని! ఆ ముక్క ఎక్కడైనా రాసిపెట్టు, నాయనా. వెతికేవాళ్లు పొరబడతారు." అని తన చేతిలోని పెన్సిల్ నాకే ఇచ్చేసింది.

నేనేమీ రాయలేదు. తాతా పోయాడు.

మొన్న మా అబ్బాయి తన కొడుక్కి నా పేరు పెట్టి, వంశవృక్షం కాగితంలో చేర్చమన్నాడు. చేర్చి, పక్కనే చిన్న అక్షరాలతో రాశాను: "తాత బతికే ఉన్నాడు."

పెన్సిల్‌తోనే రాశాను.