పిండి ముద్ర
బేకరీ పెద్దాయన ఓవెన్ వేడిని అరచేత్తోనే చూస్తాడు. తలుపు తీసి, చెయ్యి లోపలికి పెట్టి, "ఇంకాస్త కాగాలి" అంటాడు. పక్కనే ఉన్న మీటరుకేసి కన్నెత్తి చూడడు. కాలేయంలో కాన్సర్ గడ్డకు చికిత్స చేసి పంపుతూ డాక్టరమ్మ, "లోపల చీము పట్టొచ్చు, జ్వరం వస్తే వెంటనే రండి" అని థర్మామీటర్ కొనిపించింది. దాన్ని ఆయన డబ్బాలోంచి తియ్యనే లేదు. ఓవెన్ దగ్గరే నుదురు పట్టి చూసుకుని, "మంచుగడ్డలా ఉన్నాను" అనేవాడు. ఓ పొద్దున ఆ ఓవెన్ ముందే గజగజ వణుకుతుంటే, పిండి పిసుకుతున్న భార్య వచ్చి నుదురు తాకి అదిరిపడింది. "ఓవెన్‌లో పెట్టిన చేతికి ఏదైనా చల్లగానే ఉంటుందండీ! పదండి ఆసుపత్రికి." కాలేయంలో చీముగడ్డ. గొట్టం వేసి తీశారు. ఇంకాస్త ఆగితే చెయ్యి దాటిపోయేదన్నారు. ఇప్పుడు థర్మామీటర్ పెట్టుకుంటాడు గానీ, నమ్మకం మాత్రం ఆవిడ చేతి మీదే. రోజూ ఓవెన్ వెలిగించకముందే తల వంచి, "చూడవే, కాలానా?" అంటాడు. "ఇంకా పచ్చిగానే ఉన్నారు, వెళ్లి పని చూడండి." నుదుటి మీద నాలుగు వేళ్ల పిండి ముద్రతో ఆయన కౌంటర్ దగ్గరికి వస్తాడు. జ్వరం లేదన్న ఆ గుర్తు చూశాకే వీధివాళ్లు బ్రెడ్ అడుగుతారు.