కుర్చీలో కూర్చుని పెట్టిన సంతకం

ఈ రోజు పొద్దున చందాపుర జంక్షన్లో ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటే ఎక్కడినుంచో బ్రేకు లైనింగు కాలిన వాసన వచ్చింది. చుట్టుపక్కల కార్లవాళ్లంతా అద్దాలు ఎత్తుకున్నారు. నేను దించాను. ఆ వాసన నా బండిదా, ముందున్న లారీదా తేలేదాకా నా ప్రాణం నిలవలేదు. వెనక సీట్లలో బడిపిల్లలు ముక్కులు మూసుకుని "ఆంటీ, గ్లాస్, గ్లాస్!" అని ఒకటే గోల. లారీదే. అమ్మయ్య అనుకున్నానో లేదో, నారాయణప్ప మామ గుర్తొచ్చారు. గుర్తొచ్చీ రాగానే, ఎప్పటిలాగే, ఒళ్లు మండింది. పోయి ఇన్నాళ్లయినా ఈ మనిషి నన్ను ఒక్క పూట నిమ్మళంగా బండి నడుపుకోనివ్వరు కదా!

హెబ్బగోడిలో మేము అద్దెకున్న గదుల వరసకు ఎదురిల్లు ఆయనది. తాతల కాలం నుంచీ బెంగుళూరులో స్థిరపడిన తెలుగువాళ్లు. బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. కిరాయికి తిరిగే ఎల్లో బోర్డు బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూసి, ఎఫ్‌సీ అనే ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెట్టే ఉద్యోగం. ఉద్యోగం అయిపోయింది కానీ ఆయన మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నారు. వీధిలోకి నీళ్ల ట్యాంకరు వస్తే టైర్ల కింద వంగి చూసేవారు. పక్కింట్లో పెళ్లికి బస్సు మాట్లాడితే, పెళ్లివాళ్లంతా ఎక్కి కూర్చున్నాక డ్రైవరును దించి, హ్యాండ్‌బ్రేకు చూపించమని గొడవ. ముహూర్తం దాటిపోతోందని పెళ్లికూతురి మేనమామ చేతులు జోడిస్తే, "ముహూర్తం చూసినారు గదప్పా, బ్రేకు ఎవురు చూసినారు?" అని అడిగిన మనిషి. ఆ ఇంటివాళ్లు తర్వాత చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అలాంటి మనిషిని నేను చేతులారా పిలిచాను. ఏం చెప్పమంటారు, నా ఖర్మ. అప్పుడు నేను గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేదాన్ని. మెషీను ముందు కూర్చుని కూర్చుని నడుము పోయింది. డ్రైవింగు వచ్చు కాబట్టి పాత కారొకటి కొని, మా వీధి పిల్లల్ని బడికి తిప్పుదామనుకున్నాను. ఫ్యాక్టరీలో మానేస్తున్నానని చెప్పేశాను. పిల్లల తల్లులకు మాట ఇచ్చేశాను. బడులు తెరిచేలోగా బండి దొరకాలి. దొరక్కపోతే ఉన్న ఉద్యోగమూ పోయి, వీధిలో నా మాటకూ విలువ పోయి, రెంటికీ చెడతాను. పాత బండి కదా, తెలిసినవాళ్లు ఒకసారి చూస్తే మంచిదని ఆయన గుమ్మం ఎక్కాను. అంతే, ఇరుక్కుపోయాను.

మొదట వైట్‌ఫీల్డ్‌లో ఒక కారు చూడ్డానికి వెళ్లాం. బండి తళతళా మెరుస్తోంది. మామ బండి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "పాత ఎఫ్‌సీలు ఉండాయా?" అని అడిగి, కళ్లద్దాలు పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నారు. ఏ ఏటికి ఆ ఏడు ఎఫ్‌సీ కాగితాలు అన్నీ ఉన్నాయి. అన్నీ పాసే.

"ఒక్క తూరి కూడా ఫెయిల్ కాలేదా అప్పా?"

"లేదు సార్, ఎప్పుడూ ఫస్ట్ టైమే పాస్!" అన్నాడు ఓనరు గర్వంగా.

"అయితే మాకొద్దు," అని లేచారు.

తిరుగు బస్సులో నేను ఊరుకోలేదు. "పాసైనా తప్పేనా మామా? ఇదెక్కడి న్యాయం?" అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూనే చెప్పారు. "ఇంత పాత బండికి ఏదో ఒకటి పోవల్ల గదమ్మా. పోయింది, కాగితం మీద రాసినారు, బాగు చేయించుకోని మళ్లా వచ్చినారు అంటే, ఎవురో దాని కింద దూరి చూసినట్ల. ఏమీ పోలేదంటే ఎవురూ చూడలేదనే గదా?" నాకు ఆ మాటలో సారం బోధపడలేదు. బడులు తెరిచే రోజు దగ్గర పడుతోందన్నదొక్కటే తలలో తిరుగుతోంది.

ఆ తర్వాత ఎన్ని బండ్లు చూశామో, అన్నింటికీ ఏదో ఒక వంక. ఒకదాన్ని, కాగితాల మీద సంతకాలు అందంగా ఉన్నాయని వద్దన్నారు! నిజంగానండీ. "ముత్యాలట్ల ఉండాయి చూడు. బండి కాడ నిలబడి, బానెట్ మీద కాగితం పెట్టుకోని రాస్తే ఇంత నున్నంగా వస్తాదా? ఇది కుర్చీలో కూచోని పెట్టింది," అన్నారు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మా ఆయనైతే, "ఆయన పరీక్ష పాసయ్యే బండి ఇంకా తయారు కాలేదు, నువ్వే చూసుకో," అని తేల్చేశాడు.

సరే, నేనే చూసుకున్నాను. చందాపురలో ఒక కారు దొరికింది. ఏడు సీట్లు, ఇంజను చప్పుడు బాగుంది. కాగితాలు తిరగేస్తుంటే అన్నింటికంటే పాతదాని మీద ఎవరి సంతకం ఉందనుకున్నారు? సాక్షాత్తు మా మామదే! నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇప్పుడేం వంక పెడతారో చూద్దామని, వెంటనే ఆయన్ని ఆటో ఎక్కించి తీసుకొచ్చాను. "ఇదిగో మామా, మీరు పాస్ చేసిందే. ఇంకేం మాట్లాడకండి," అన్నాను.

ఆయన ఆ కాగితం పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా, "ఇది వద్దమ్మా," అన్నారు.

నాకు కోపంలో మీరు కాస్తా నువ్వు అయిపోయింది. "ఇది నీ సంతకం! నీ సంతకం మీద నీకే నమ్మకం లేదా?"

"ఎంత నున్నంగా ఉండాదో చూడు," అన్నారాయన.

ఆయన ఓనరును అడిగి స్క్రూడ్రైవరు తీసుకున్నారు. మోకాళ్లు పట్టేసిన మనిషి, రోడ్డు మీద పేపరు పరుచుకుని వెల్లకిలా బండి కింద దూరారు. వెనక సీటు కింద, చాసీలో స్క్రూడ్రైవరు పొడిస్తే పిడిదాకా దిగిపోయింది. నేనూ వంగి చూశాను. తుప్పు రేకులు రేకులుగా ఆయన ముఖం మీద రాలింది. బయటికొచ్చి ఫుట్‌పాత్ మీద కూర్చున్నారు. తలలో తుప్పు దులుపుకోలేదు కూడా.

"ఆ పొద్దు వాన. బండ్లు వరసగా నిలబడి ఉండాయి. నేను కుర్చీలోంచి లేయలేదు," అన్నారు. "ఈ కాగితం చూసుకోని, ఇన్నేండ్లూ దీంట్లో ఎవురెవురు తిరిగినారో."

ఓనరు చెడ్డవాడేం కాదు. "మీ సంతకం ఉందనే కదా సార్ నేను ధైర్యంగా కొన్నది," అన్నాడు.

మర్నాడు ఆయన ఏం చేశారో తెలుసా? తన డబ్బుతో ఆ కారును తానే కొని, నేరుగా తుక్కు కొనే గుజరీకి తోలించి, దగ్గరుండి ముక్కలు చేయించారు. వాళ్లావిడ వీధంతా వినబడేలా అరిచింది. నేనూ తక్కువ తిట్టుకోలేదు. బండి లేక నేనిక్కడ ఏడుస్తుంటే, ఈయన ఉన్న బండిని కొని పాత ఇనుముగా మారుస్తారా! బడులు తెరిచేశారు. నేను మాట ఇచ్చిన తల్లుల్లో కొందరు వేరే వ్యాన్లకు వెళ్లిపోయారు. ఆ తర్వాతే, బ్రేకులకోసారి, స్టీరింగుకోసారి ఫెయిలైన కారొకటి దొరికింది. దాని కాగితాల నిండా గ్రీజు వేళ్లు, వంకర సంతకాలు. మామ వాటిని చూసి మొదటిసారి నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ మనిషి పోయారు. పోయేముందు ఈ పీడ నాకు అంటించి పోయారు. ఇప్పుడు నావి కొన్ని బండ్లు, నాతో పాటు నడిపేది ఆడపిల్లలే. రోజూ పొద్దున్నే చుడీదారు చున్నీ నడుముకు బిగించి, ఒక్కొక్క బండి కిందా దూరుతాను. చూశాక, బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేస్తాను. మా డ్రైవరు మంజుల గడియారం చూసుకుంటూ సణుగుతుంది. "నిన్ననే చూసినాం గదక్కా, యాల మళ్లా? లేటయితే పిల్లోళ్ల అమ్మలు నన్ను తిడతారు."

తిట్టనీ. ఆ బండిలో ఎవరెవరు తిరుగుతారో నాకు పేర్లతో సహా తెలుసు.