అప్పలకొండ వడ్డన

బచేలి ఇనుపగని క్వార్టర్లలో అప్పలకొండ గురించి ఒక మాట తిరుగుతుండేది. విశాఖపట్నంలో సముద్రపు ఒడ్డున ఓ పెద్ద హోటలుందట, అక్కడ దొరల పళ్లేలు ఇతనే సర్దేవాడట. టమాటాను గులాబీపువ్వులా కోసి పెడితే ఒక దొరసాని తినకుండా తలలో తురుముకుందట. అప్పలకొండ ఔననలేదు, కాదనలేదు. ఆ మాట వల్లే గని క్యాంటీన్లో వడ్డన పని దొరికింది మరి.

వంట పార్వతమ్మది. వడ్డన అతనిది. ఆర్నెల్ల తాత్కాలికపు కొలువు ఆ నెలాఖరుకు అయిపోతుందనగా, క్యాంటీను చూసుకునే చక్రధరరావు పిలిచాడు.

"శుక్రవారం గని పెద్దసారు భోజనానికి వస్తున్నారు. నీ హోటలు పనితనం చూపించు. ఆయన మెచ్చితే పర్మినెంటు. లేదంటే మళ్లీ కొండమీద రాళ్లెత్తడమే."

రాళ్లెత్తిన నడుంనొప్పి అప్పలకొండకు ఇంకా తగ్గలేదు. అందుకే ఒకరోజు ముందు, గురువారంనాడు కూలీల మీద పరీక్ష పెట్టాడు. అన్నాన్ని గిన్నెలో నొక్కి విస్తరి నడుమ బోర్లించాడు. ముద్ద గుండ్రంగా, నున్నగా నిలబడింది. మరీ తెల్లగా ఉందని పైన చిటికెడు నల్లనువ్వులు చల్లాడు. పక్కన కాస్త పెరుగు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాడు.

డ్రిల్లింగు పనిచేసే దేముడు మొదటి బంతికి వచ్చాడు. కూర్చోబోయి, విస్తరి చూసి, చెప్పులు విప్పేశాడు.

"ఎవులు పోనారు మావా?"

"పోవడవేట్రా? భోజనవే!"

"మరీ పిండవేటి, నువ్వులేటి?"

వెనకున్నవాడు కిటికీలోంచి తొంగిచూసి, "కాకులేవిరా?" అన్నాడు.

తెలుగువాళ్లంతా లేచిపోయారు. గోండు కూలీ కోస ఒక్కడే కూర్చుని, వీళ్ల ఆకలి ఏమైందో అర్థంకాక, మూడు విస్తళ్లు ఖాళీ చేసి నాలుగోది అడిగాడు.

పార్వతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వు ఆగాక, "ఒరే నాయనా, రేపు పెద్దసారుకి తద్దినం పెట్టీకు. ఈ కొండమీద మనుషుల కంటికి ఏది ఇంపో అది సూడు" అంది.

అప్పలకొండ తలెత్తాడు. కిటికీ నిండా బైలదిల్లా కొండ, మెట్లుమెట్లుగా తవ్విన ఎర్రటి కొండ.

శుక్రవారం అన్నం రాశిగా పోసి గరిటె అంచుతో మెట్లు కోశాడు. మెట్లమీద నుంచి టమాటాపప్పు జారవిడిచాడు. కింద చుట్టూ గోంగూర అడవి.

ఈసారి దేముడు లేవలేదు గానీ తగువుకు దిగాడు. "మా లారీల రోడ్డు ఇటు కాదు మావా, అటు తిరుగుతాది." ఇంకొకడు "క్రషరేదీ?" అన్నాడు. పార్వతమ్మ ఒక వడ తెచ్చి ఆ చోట పెట్టింది.

పెద్దసారు మాత్రం పళ్లెంలో చెయ్యి పెట్టలేదు. చక్రధరరావు అప్పలకొండవైపు గుర్రుగా చూశాడు.

"ఇంత కష్టపడి కట్టారు, పాడుచేయడానికి చెయ్యి రావడంలేదయ్యా" అన్నాడాయన. అంతలోనే, "సరే, బ్లాస్టింగు నాదే!" అంటూ శిఖరంలోకి బొటనవేలు దించాడు. క్యాంటీనంతా గొల్లున నవ్వింది.

నెలాఖరుకు పర్మినెంటు కాయితం చేతికొచ్చింది. హోటలు మాట ఇంకా పెరిగింది. దొరసానులు ఇప్పుడు ఇద్దరయ్యారు.

నిజానికి అప్పలకొండ ఆ హోటలు లోపల ఏనాడూ అడుగుపెట్టలేదు. రెండు నెలలు బయట పరంజామీద నిలబడి గోడలకు రంగులు వేశాడు. భోజనాలగది అద్దాల్లోంచి ఆ పళ్లేలను చూశాడు, అంతే.